కోకా సుబ్బారావు: తీర్పు కట్టిన తీరు

కోకా సుబ్బారావు పేరు వినగానే న్యాయవాదులకు గోలక్‌నాథ్ కేసు గుర్తుకొస్తుంది. రాజకీయాలు చదివినవాళ్లకు 1967 రాష్ట్రపతి ఎన్నిక గుర్తుకొస్తుంది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కుర్చీ వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్ మీద నిలబడి ఓడిపోయిన తెలుగువాడు ఆయన. ఆ కేసు మీదా ఆ పోటీ మీదా వాదోపవాదాలు దాదాపు అరవై ఏళ్లుగా తెగలేదు. ఆయన తీర్పులు పట్టుకుని కూర్చుంటే మాత్రం నాకు వాటికంటే ముందు పనితనం కనబడుతుంది. ఏ వాస్తవాన్ని ఎక్కడ పెట్టాలి, ఏ అధికరణ మీద ఎంత బరువు మోపాలి, తనను కాదన్నవాళ్ల మాటనే తన వాదానికి ఎలా ఆధారం చేసుకోవాలి అన్నవి ఆయన చేతికి బాగా అలవాటైన పనులు.

ఆయన పుట్టింది 1902 జూలై 15న, రాజమండ్రిలో. అక్కడి ఆర్ట్స్ కాలేజీ, తర్వాత మద్రాసు లా కాలేజీ. వకీలు వృత్తి తొలినాళ్లలోనే కొన్ని నెలలపాటు బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. ఆయన జీవితచరిత్రల్లో ఇది ఒక్క వాక్యంలో దాటిపోయే సంగతే. అయినా డెల్టాలో మున్సిఫు కోర్టు అంటే ఎలాంటిదో తెలిసినవాళ్లు అంత తేలిగ్గా దాటలేరు. ప్రామిసరీ నోటు బాకీలు, పొలం గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, కాలవ నీటి వంతులు. సాక్షి నోట చెప్పినదాన్ని, దస్తావేజులో రాసి ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి, తేదీలు సరిచూసి, ఎక్కడ పొసగడంలేదో పట్టుకోవాలి. ఆ తర్వాత మద్రాసులో భార్య సోదరుడు పి.వి.రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు చేశారు. 1948లో రాజమన్నార్ మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే ఏడాది సుబ్బారావు అదే హైకోర్టులో న్యాయమూర్తి అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదన్నది 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని కర్నూలుకు పోయింది, హైకోర్టు గుంటూరుకు వచ్చింది. రాజధాని బెజవాడకే రావాలని గట్టిగా అడిగిన డెల్టా ప్రాంతానికి చివరికి దక్కింది ఆ కోర్టే. 1954 జూలై 5న గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు. కొత్త హైకోర్టు అంటే భవనం, బెంచీలు ఉంటే సరిపోదు. మద్రాసు నుంచి రావలసిన రికార్డులు, విభజించుకోవలసిన పెండింగు కేసులు, రిజిస్ట్రీ, జిల్లా కోర్టుల మీద అజమాయిషీ అన్నీ కుదురుకోవాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకు తరలినప్పుడు అక్కడా మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటులోని చిక్కుల మీద 1953లో కేంద్రానికి నివేదిక ఇచ్చిన న్యాయమూర్తి పేరు కె.ఎన్.వాంఛూ. ఈ పేరు మళ్లీ తగులుతుంది.

సుబ్బారావు పనితనంలో మొదటి అంశం కాలక్రమం. దానికి నానావతి కేసుకు మించిన ఉదాహరణ లేదు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి తన భార్య ప్రియుడు ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. జ్యూరీ ఎనిమిది మందికి ఒకరుగా నిర్దోషి అంది. సెషన్సు జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించాడు, హైకోర్టు శిక్ష వేసింది. పత్రికలూ నగరమూ నానావతి పక్షాన నిలిచిన కేసు అది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు తీర్పు సుబ్బారావు రాశారు.

రెచ్చగొట్టడం వల్ల ఒక్కసారిగా అదుపు తప్పి చేసిన పని అన్నది నానావతి వాదాల్లో ఒకటి. సుబ్బారావు ముందుగా ఆ వాదానికి చట్టం ఇవ్వగలిగినంత చోటు ఇచ్చారు. కొలబద్ద ఆ సమాజానికి, ఆ తరగతికి చెందిన మామూలు మనిషి. మాటలు, సైగలు కూడా రెచ్చగొట్టడం కిందికి రావచ్చు. అంతకుముందు జరిగినవి మనసును ఎలా సిద్ధం చేశాయో చూడవచ్చు. అయితే దెబ్బ ఆ ఆవేశంలోంచే పుట్టి ఉండాలి, ఆవేశం చల్లారాక వేసినది కాకూడదు. ఇంత ఉదారంగా సూత్రం చెప్పాక గడియారం తీశారు. మధ్యాహ్నం ఇంట్లో భార్య నిజం ఒప్పుకుంది. అతను ఆమెను, పిల్లలను సినిమాహాలు దగ్గర దింపాడు. ఓడకు వెళ్లాడు. రాత్రి ఒంటరిగా అహ్మద్‌నగర్ వెళ్లాలని అబద్ధం చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. దాన్ని కవరులో పెట్టుకుని ఆహూజా ఆఫీసుకు, అక్కడ లేడంటే ఫ్లాటుకు వెళ్లాడు. ఇంట్లోంచి బయలుదేరింది ఒంటిగంటన్నరకు, కాల్చింది నాలుగు ఇరవైకి. కోపం వచ్చిన మనిషి ఈ మధ్యలో చేసిన ప్రతి పనీ ఆలోచించి చేసినదే.

పెనుగులాటలో తుపాకీ పేలిందన్నది ఇంకో వాదం. దానికి ఎదురుగా ఆయన పెట్టినవాటిలో నేను ఎప్పటికీ మరచిపోలేనిది ఒక తువాలు. స్నానం చేసి వచ్చిన ఆహూజా నడుముకు తువాలు చుట్టుకుని ఉన్నాడు. మూడు తూటాలు తగిలి పడిపోయాక కూడా అది ఊడలేదు, వదులు కాలేదు. ఇద్దరు మగవాళ్లు తుపాకీ కోసం కలబడితే ఆ తువాలు నిలుస్తుందా? వాదనలు పేజీలకు పేజీలు నడిచిన కేసులో ఆ తువాలును ఉండవలసిన చోట పెట్టడం మున్సిఫు కోర్టు చదువు.

రెండోది, విడివిడిగా చూడవలసినవాటిని విడిగా, కలిపి చూడవలసినవాటిని కలిపి చూడగలగడం. ఖరక్ సింగ్ అన్న ఉత్తరప్రదేశ్ మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. బెజవాడలో రౌడీ షీటు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు, దానికి ఇది పెద్దన్న. అక్కడి పోలీసు నిబంధనల్లో 236వది నిఘా అంటే ఏమిటో ఆరు భాగాలుగా చెబుతుంది. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా. రాత్రుళ్లు ఇంటికి వచ్చి తలుపు తట్టడం. ఎస్సై స్థాయికి తగ్గని అధికారి అతని నడవడి, స్నేహాలు, సంపాదన, ఖర్చుల గురించి ఆరా తీయడం. ఊరు దాటితే కానిస్టేబులో చౌకీదారో రిపోర్టు చెయ్యడం. వెళ్లిన చోట చీటీలు పంపి సరిచూడటం. తెలిసినదంతా షీటులోకి ఎక్కించడం.

ఈ నిబంధనలకు చట్టం ఆధారం లేదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. రాజ్యాంగం ప్రకారం హక్కుకు హద్దు పెట్టాలంటే చట్టం ఉండాలి. కాబట్టి ప్రభుత్వానికి మిగిలింది ఒక్కటే దారి: అసలు ఏ ప్రాథమిక హక్కూ దెబ్బతినలేదని చూపించడం. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆ ఆరు భాగాలను ఒక్కొక్కటిగా విప్పి చూశారు. రాత్రి తలుపు తట్టడం తప్పు, కొట్టేశారు. మిగిలినవాటివల్ల ఎవరి స్వేచ్ఛా పోలేదన్నారు. ఏకాంతం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు.

సుబ్బారావు, తనతో కలిసిన జె.సి.షాతో, విప్పడానికి ఒప్పుకోలేదు. ఆరూ కలిసి చేసేది ఒకే పని, దాని పేరు నిఘా. తనను చూస్తున్నారని తెలిసిన మనిషి ఎక్కడికి నడిచినా స్వేచ్ఛగా నడిచినట్టు కాదు, దేశమంతా అతనికి జైలే అవుతుంది. సంచార స్వేచ్ఛ అంటే కాళ్లు కదలడం మాత్రమే అనుకుంటే రాజ్యాంగంలో ఆ మాటకు విలువ ఉండదు. వ్యక్తిగత స్వేచ్ఛ హామీ ఇచ్చే 21వ అధికరణ, వాక్కు, సంచారం వంటి స్వేచ్ఛలు చెప్పే 19వ అధికరణ వేర్వేరు గదులు కావు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. ఏకాంతం పేరు పెట్టి రాయకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది ముఖ్యభాగమే. కాబట్టి 236వ నిబంధన మొత్తం చెల్లదు. ఇక్కడ వాదం ఎంత పొదుపుగా ఉందో చూడండి. ప్రభుత్వం ఒప్పుకున్న మాట ఒకటి, నిఘా ఒకే పని అన్న గుర్తింపు ఒకటి. ఈ రెండూ కలిస్తే ఫలితం దానంతటదే వస్తుంది.

1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో హక్కులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయన్న ఈ మాటే చట్టమైంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పులోని లోపలి అతుకు కూడా అప్పుడు బయటపడింది: ఇల్లు మనిషికి కోట అన్న భావంతో రాత్రి తలుపు తట్టడాన్ని కొట్టేసినవాళ్లే, ఏకాంతం హక్కు కాదన్నారు. సుబ్బారావు తీర్పులో అలాంటి అతుకు లేదు. యాభై అయిదేళ్ల తర్వాత తీసి వాడుకున్నా పనికొచ్చింది.

1963 నాటి దేవదాసన్ కేసు కూడా ఇలాంటిదే. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లకు చోటిచ్చే 16వ అధికరణ నాలుగో క్లాజు సమాన అవకాశానికి మినహాయింపు అని మెజారిటీ భావించింది. సుబ్బారావు ఒక్కరే కాదన్నారు. పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించడం సమానత్వమా అని ఆ తీర్పులో అడిగారు. ఆయన దృష్టిలో ఆ క్లాజు సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వాన్ని నిజం చేసే మార్గం. 1975లో ఎన్.ఎం.థామస్ కేసులో సుప్రీంకోర్టు ఈ వైపుకే వచ్చింది.

ఇక గోలక్‌నాథ్. అప్పటికి దేశ చరిత్రలో అతిపెద్ద ధర్మాసనం, పదకొండు మంది. పంజాబులో గోలక్‌నాథ్ కుటుంబానికి జలంధర్ ప్రాంతంలో అయిదువందల ఎకరాలకు పైగా భూమి ఉండేది. 1953 నాటి భూ చట్టం కింద పరిమితికి మించినది మిగులుగా లెక్కగట్టారు. ఆ చట్టాన్ని కోర్టుల నుంచి కాపాడుతున్నది రాజ్యాంగ సవరణ. కాబట్టి ప్రశ్న పెద్దదైంది: ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేసే అధికారం పార్లమెంటుకు ఉందా? ఉందని 1951లో ఒకసారి, 1964లో మరోసారి సుప్రీంకోర్టే చెప్పి ఉంది.

సుబ్బారావు కట్టిన వరస ఇది. 368వ అధికరణ సవరణకు పద్ధతి చెబుతుంది, అధికారం ఇవ్వదు. అధికారం పార్లమెంటుకు మిగులు అధికారాలనిచ్చే అధికరణల్లో ఉంది, అంటే అది శాసనాధికారమే. అందుచేత సవరణ కూడా ఒక చట్టమే. హక్కులను తగ్గించే ఏ చట్టమూ చెల్లదని 13వ అధికరణ అంటోంది. కాబట్టి అలాంటి సవరణ చెల్లదు. నా అంచనాలో ఇందులో మొదటి మెట్టు బలహీనం. రాజ్యాంగాన్ని మార్చే అధికారాన్ని మిగులు అధికారాల మూలలో వెతకడం బలవంతంగా అనిపిస్తుంది. కేశవానంద కేసులో 1973లో విరిగింది కూడా ఈ వరసే.

కానీ అసలు కౌశలం ఆ తర్వాత ఉంది. ఈ తర్కం నిజమైతే 1951 నాటి మొదటి సవరణ నుంచి అన్నీ కూలిపోవాలి. చట్టాలను కోర్టుల నుంచి కాపాడటానికి ఆ సవరణ తెచ్చిన తొమ్మిదో షెడ్యూలులో మొట్టమొదట చేర్చిన పదమూడు చట్టాల్లో తొమ్మిదోది 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం. చల్లపల్లి, నూజివీడు లాంటి ఎస్టేట్లు పోయి రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి వచ్చింది ఆ చట్టంతోనే. దాని రక్షణ తొలగితే దివిసీమలో పట్టాలు చేతికొచ్చి పదిహేనేళ్లయిన రైతు కూడా మళ్లీ కోర్టు మెట్లెక్కవలసి రావచ్చు. దేశం మొత్తం మీద ఇలాంటి చేతులు మారిన భూములెన్నో.

దీనికి సుబ్బారావు వెతికి తెచ్చిన సాధనం తీర్పును ముందుకాలానికే వర్తింపజేయడం. కోర్టు పాత అభిప్రాయాన్ని మార్చుకున్నప్పుడు కొత్త అభిప్రాయం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క అన్నది అంతవరకూ ఉన్న నమ్మకం. అమెరికాలో న్యాయమూర్తి కార్డోజో 1932లో ఒక రైల్వే కేసులో అలా ఉండనక్కర్లేదన్నాడు, 1965లో అక్కడి సుప్రీంకోర్టు క్రిమినల్ కేసులకూ దాన్ని వాడింది. సుబ్బారావు దాన్ని దిగుమతి చేసి వదిలెయ్యలేదు. మన రాజ్యాంగంలోని 32, 141, 142 అధికరణల మీద నిలబెట్టారు. హద్దులు గీశారు: రాజ్యాంగ విషయాల్లోనే వాడాలి, సుప్రీంకోర్టే వాడాలి, వెనక్కి ఎంతదాకా వర్తించాలో కేసును బట్టి కోర్టే నిర్ణయించాలి. ఫలితం: జరిగిన సవరణలు నిలుస్తాయి, 1967 ఫిబ్రవరి 27 తర్వాత మాత్రం హక్కుల మీద పార్లమెంటు చెయ్యి వెయ్యరాదు. గోలక్‌నాథ్ కుటుంబం సూత్రంలో గెలిచింది, భూమి మాత్రం దక్కలేదు.

ఓట్లు ఆరుకు అయిదు. ఆరుగురిలో హిదాయతుల్లా ఫలితానికి ఒప్పుకుని వేరే కారణం రాశారు, పాత సవరణలకు దేశం ఇన్నాళ్లూ తలొగ్గింది కాబట్టి అవి ఉండనివ్వాలన్నారు. అంటే ముందుకాలానికే వర్తింపు అన్న సూత్రం వెనుక ఉన్నది అయిదుగురే. ఎదురు తీర్పుల్లో ప్రధానమైనది వాంఛూ రాశారు. ఆంధ్ర రాష్ట్రం లెక్కలు చూసిన ఆయనే.

ఏప్రిల్ 10న సుబ్బారావు ఇంకో తీర్పు చెప్పారు, సత్వంత్ సింగ్ కేసు. ఒక వ్యాపారిని తన పాస్‌పోర్టు తిరిగి అప్పగించమని ప్రభుత్వం ఆదేశించింది. దానికి చట్టం లేదు, అధికారి ఇష్టం. విదేశానికి వెళ్లే హక్కు 19వ అధికరణలో ఎక్కడా లేదు. ఇక్కడ ఆయన తన పాత అసమ్మతి తీర్పు మీద ఆధారపడలేదు. ఖరక్ సింగ్‌లో తనను ఓడించిన మెజారిటీ, 19లో చెప్పినవి పోగా మిగిలిన స్వేచ్ఛలన్నీ 21లో ఉన్నాయని ఒక నిర్వచనం ఇచ్చింది. ఆయన దాన్నే తీసుకున్నారు. విదేశయానం 19లో లేదు కాబట్టి, మీ లెక్క ప్రకారమే అది 21లో ఉన్నట్టు. ముగ్గురికి ఇద్దరుగా నెగ్గారు. అదే ఏడాది పార్లమెంటు పాస్‌పోర్టు చట్టం చేసింది. పిల్లలు అమెరికాలో ఉన్న కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో బీరువాలో ఉండే ఆ చిన్న పుస్తకానికి చట్టం పుట్టడానికి కారణం ఈ తీర్పు.

మర్నాడు, ఏప్రిల్ 11న, పదవీ విరమణకు మూడు నెలల ముందు ఆయన రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి వచ్చింది వాంఛూ. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ తదితర ప్రతిపక్షాలు సుబ్బారావును రాష్ట్రపతి పదవికి నిలబెట్టాయి. స్వతంత్ర పార్టీ వ్యవస్థాపక అధ్యక్షుడు మన నిడుబ్రోలు రంగాగారు. మే 6న జరిగిన ఎన్నికలో ఓట్ల విలువ జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. ఐర్లండులో దాదాపు ఇదే కాలంలో టామ్ ఓహిగ్గిన్స్ ఇదే దారిలో ఎదురు దిక్కుగా నడిచాడు. పార్లమెంటు సభ్యుడు, ఆరోగ్యమంత్రి, 1966లో డి వలేరా చేతిలో పదివేల పైచిలుకు ఓట్ల తేడాతో, 1973లో మళ్లీ అధ్యక్ష పదవికి ఓడి, 1974లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. రాజకీయం ముగించి కోర్టుకు వచ్చినవాడి పాత మాటలు అందరికీ ముందే తెలుసు, తీర్పులను వాటితో పోల్చి చూసుకోవచ్చు. కోర్టు నుంచి రాజకీయానికి వెళ్లినవాడి పాత తీర్పులనే జనం మళ్లీ తిప్పి చదువుతారు. సుబ్బారావు విషయంలో అదే జరిగింది. గోలక్‌నాథ్ తర్వాత ఆరు వారాలకే పోటీకి దిగడం ఆ తీర్పుకు అన్యాయం చేసిందని నా నమ్మకం. 1962లో, 1963లో ఒంటరిగానో మైనారిటీలోనో ఉండి రాసినవి చూస్తే, ఆయన ఆలోచన ఎన్నిక కోసం పుట్టినది కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ మూడు నెలలు ఆగి ఉంటే బాగుండేది.

ఆయన 1976 మే 6న పోయారు. గోలక్‌నాథ్‌ను కేశవానంద కేసు అప్పటికే తోసిపుచ్చింది, అయినా పార్లమెంటు సవరణ అధికారానికి హద్దు ఉందన్న మాటను వేరే రూపంలో, రాజ్యాంగ మౌలిక స్వరూపం పేరుతో, ఉంచుకుంది. ముందుకాలానికే వర్తింపు అన్న సాధనం పూర్తిగా బతికింది. 1992లో మండల్ కేసులో ప్రమోషన్ల రిజర్వేషన్లు చెల్లవంటూనే అప్పటికి నడుస్తున్నవాటికి అయిదేళ్ల గడువు ఇచ్చింది దానితోనే. 1993లో హైదరాబాదు ఈసీఐఎల్ ఉద్యోగి కేసులో, శిక్ష వేసే ముందు విచారణాధికారి నివేదిక ప్రతి ఉద్యోగికి ఇవ్వాలని సుప్రీంకోర్టు స్థిరపరిచింది. అప్పటికే ముగిసిన వేల శాఖాపరమైన విచారణలు తిరగదోడకుండా, 1990 నవంబరు 20 తర్వాతి శిక్షలకే ఆ నియమం వర్తిస్తుందని తేదీ గీసింది.